పనికి వెళ్లే తల్లిదండ్రులు ప్రభుత్వ శిశు సంరక్షణ సౌకర్యాన్ని ఎలా పొందాలి

బిడ్డకు ఆరు నెలలు నిండే వేళకు, తల్లి తిరిగి పనికి వెళ్లవలసిన ప్రతి ఇంట్లోనూ ఒక లెక్క మొదలవుతుంది. అత్తగారు వచ్చి ఉండగలరా, అమ్మమ్మ ఊళ్లో పొలం వదిలి రాగలదా, వీధి చివరి ప్రైవేటు కేంద్రానికి నెలనెలా కట్టేది పోగా జీతంలో చేతికి మిగిలేదెంత అన్న లెక్క అది. ఆ లెక్క తేలకనే ఉద్యోగం మానుకున్న స్త్రీలు మన చుట్టూ ఎంతోమంది ఉన్నారు. నేను మాట్లాడిన వారిలో చాలామందికి, ప్రభుత్వం వైపు నుంచి తమకు రావలసినది ఏమిటో ఒక్కరూ చెప్పి ఉండలేదు. ఉన్న సౌకర్యం అవసరానికి చాలదు, నిజమే. కానీ ఉన్నంత మేరకైనా అది అడిగినవారికి, అందులోనూ కాగితం మీద అడిగినవారికి ముందుగా అందుతోంది. అందుకే ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని తల్లిదండ్రులు ఎక్కడికి వెళ్లాలో, ఏమి అడగాలో, దేనిని కళ్లారా చూసుకోవాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మీకు వర్తించే దారి ఏదో ముందు తేల్చుకోండి

రెండు విషయాలు చూసుకుంటే చాలు: బిడ్డ వయసు ఎంత, మీ ఇద్దరిలో ఎవరైనా 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలో ఉన్నారా. బిడ్డకు ఆరు నెలలు నిండనంతవరకు సెలవే ఆధారం. 2017లో చేసిన చట్ట సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు జీతంతో కూడిన ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. ఆ సెలవు సంస్థల్లో పనిచేసేవారికే వర్తిస్తుంది. ఇళ్లలో పాచిపని చేసే తల్లికి, కూరగాయల బండి పెట్టుకున్న తల్లికి అది లేదు, ఈ లోటును ఎవరూ చిన్నదిగా చూడకూడదు. బిడ్డకు మూడేళ్లు నిండితే అంగన్‌వాడీ పూర్వ ప్రాథమిక తరగతి ఉంది. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా నడిచే కాలమే అన్నిటికంటే కష్టమైనది, ఎందుకంటే ఆ వయసు పిల్లలకు సాధారణ అంగన్‌వాడీ పోషకాహారాన్ని ఇంటికి ఇచ్చి పంపుతుందే తప్ప రోజంతా తన దగ్గర ఉంచుకోదు. ఆ వయసు బిడ్డ కోసం మీరు అడగవలసింది క్రెష్‌ను, అంటే తల్లిదండ్రులు పనికి వెళ్లిన వేళ పసిపిల్లలను చూసుకునే కేంద్రాన్ని.

బిడ్డ ఏ వయసులో ఉన్నా ముందు అంగన్‌వాడీలో పేరు నమోదు చేయించండి

1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అంటే మనం వాడుకలో ఐసీడీఎస్ అనేది, ఈరోజు ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలను నడుపుతోంది. ఆరేళ్లలోపు ప్రతి బిడ్డకూ ఇది వర్తిస్తుంది. ఆదాయ పరిమితి లేదు, తెల్ల రేషన్ కార్డు ఉండాలన్న నియమం లేదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలకు స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారాన్ని హక్కుగా ఇచ్చింది. జీతం వచ్చే కుటుంబాలవారు అది పేదల కోసమని మొహమాటపడి దూరంగా ఉండిపోవడం నేను తరచుగా చూస్తున్నాను. ఆ మొహమాటం అవసరం లేదు.

ఉదయం పూట, పిల్లలు ఉన్న సమయంలోనే కేంద్రానికి వెళ్లండి. బిడ్డ పుట్టిన ధ్రువపత్రం, టీకాలు రాసిన తల్లీబిడ్డల కార్డు, తల్లి ఆధార్ కార్డు, వాడుకలో ఉన్న ఫోను నంబరు వెంట ఉంచుకోండి. బిడ్డకు ఆధార్ లేదని ఎవరైనా వెనక్కి పంపితే, తల్లి ఆధార్‌తో నమోదు చేయవచ్చునని మర్యాదగా, కానీ గట్టిగా చెప్పండి; బిడ్డ ఆధార్ తప్పనిసరి కాదని కేంద్ర ప్రభుత్వమే స్పష్టం చేసింది. టీచరు మీ వివరాలను పోషణ్ ట్రాకర్ అనే ఫోను అప్లికేషన్‌లో ఎక్కిస్తారు. 2025 జులై నుంచి ఇంటికి ఇచ్చే పోషకాహారానికి ముఖం గుర్తించే పద్ధతి కూడా తోడైంది కాబట్టి, సరుకు తీసుకునే రోజు నమోదైన వ్యక్తే వెళ్లవలసి రావచ్చు. పనివేళల వల్ల మీకు కుదరకపోతే నమోదు చేసే రోజునే ఆ మాట టీచరుతో చెప్పి, ఏమి వీలవుతుందో కనుక్కోండి.

నమోదు కాగానే బిడ్డను తూయించండి, పొడవు కొలిపించండి. ఆ అంకెలు పెరుగుదల పట్టికలో పడాలి, మీ దగ్గర కార్డులో కూడా రాయించుకోవాలి. చిన్న పిల్లలకు బాలామృతం ప్యాకెట్టు, గుడ్లు ఏ తేదీన ఇస్తారో అడిగి తెలుసుకోండి. బాలామృతం గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి చేసిన పొడి. వేడినీళ్లలో కలిపి చిక్కని జావలా చేసి పెట్టడం ఎలాగో కేంద్రంలో చేసి చూపించమనండి. చాలా ఇళ్లలో ప్యాకెట్టు అటక మీదే ఉండిపోవడానికి కారణం బిడ్డకు రుచించకపోవడం కాదు, కలపడం తెలియక ఉండలు కట్టడం.

పని కోసం ఊళ్లు మారే కుటుంబాలు ఒక విషయం గుర్తుంచుకోవాలి. పాలమూరు నుంచి హైదరాబాద్‌కు, శ్రీకాకుళం నుంచి విశాఖపట్నానికి లేదా చెన్నైకి వెళ్లినా బిడ్డ నమోదు పోదు. పోషణ్ ట్రాకర్‌లో ఒక కేంద్రం నుంచి మరొక కేంద్రానికి, వేరే రాష్ట్రానికైనా సరే, పేరు మార్చే వీలుంది. బయలుదేరే ముందు పాత టీచరుకు చెప్పండి, చేరిన వారంలో కొత్త కేంద్రానికి వెళ్లి పాత కేంద్రం ఊరు, మండలం, నమోదైన ఫోను నంబరు చెప్పండి.

మూడేళ్లలోపు బిడ్డకు క్రెష్ ఉందేమో కనుక్కోండి

రాజీవ్ గాంధీ జాతీయ క్రెష్ పథకం 2006లో మొదలైంది, 2017లో జాతీయ క్రెష్ పథకమైంది, 2022 నుంచి మహిళల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే మిషన్ శక్తిలో భాగంగా పాల్నా అన్న పేరుతో నడుస్తోంది. పాల్నా అంటే హిందీలో ఊయల. ఇందులో ప్రధానమైన మార్పు, ఉన్న అంగన్‌వాడీలోనే క్రెష్‌ను కలిపి, అదనంగా ఒక క్రెష్ కార్యకర్తను, ఒక సహాయకురాలిని ఇవ్వడం. దేశమంతటా ఇటువంటి 17 వేల కేంద్రాలను లక్ష్యంగా పెట్టుకున్నారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలను నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు చూసుకోవాలన్నది పథకంలో రాసిన మాట. పడుకోబెట్టడం, ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, మూడేళ్లు దాటినవారికి ఆటపాటల చదువు అందులో భాగం. తల్లి ఉద్యోగం చేస్తున్నట్టు రుజువు చూపాలన్న నియమం పాల్నాలో లేదు. ఎవరైనా అటువంటి కాగితం అడిగితే ఆ మాట చెప్పండి.

రుసుము గురించి కూడా తెలుసుకుని వెళ్లండి. జాతీయ క్రెష్ పథకంలో దారిద్య్రరేఖకు దిగువన ఉన్న కుటుంబానికి నెలకు 20 రూపాయలు, తల్లిదండ్రులిద్దరి ఆదాయం నెలకు 12 వేల రూపాయల వరకు ఉంటే 100, అంతకు మించితే 200 రూపాయలు అని నిర్ణయించారు. మీ కేంద్రంలో ఎంత తీసుకుంటున్నారో అడిగి, ఏది కట్టినా రసీదు తీసుకోండి. నగరంలో ప్రైవేటు కేంద్రానికి ఒక్క నెలకు పెట్టే డబ్బు పక్కన ఈ అంకెను పెట్టి చూస్తే, ఈ పథకం విస్తరించాలని ఎందుకు ఇంతగా అడగవలసి వస్తోందో అర్థమవుతుంది.

మీ ప్రాంతంలో క్రెష్ ఉన్న అంగన్‌వాడీ ఏదో మీ అంగన్‌వాడీ టీచరుకు, లేకపోతే సెక్టారు సూపర్‌వైజరుకు తెలిసి ఉంటుంది. వారి దగ్గర తేలకపోతే ఐసీడీఎస్ ప్రాజెక్టు కార్యాలయంలో సీడీపీఓను, అంటే శిశు అభివృద్ధి పథకం అధికారిని అడగండి. ఫోనులో చెప్పిన జవాబుతో తృప్తిపడవద్దు. కేంద్రం ఉందన్న చోటికి స్వయంగా వెళ్లండి, అదీ మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంట మధ్య. బిడ్డలు తినే వేళ, నిద్రకు ఒరిగే వేళ అది. మనుషులు నిజంగా ఎలా చూస్తున్నారో అప్పుడే తెలుస్తుంది.

నేను ఒకసారి అలా వెళ్లిన చోట సహాయకురాలు చాప మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. ముందు నలుగురు పిల్లలు అర్ధచంద్రాకారంగా ఉన్నారు. ఉడికిన గుడ్డును బొటనవేలితో పప్పన్నంలో మెదిపి, ఒక్కొక్క ముద్దా ఒక్కొక్క నోటికి పెడుతూ, మూతి తిప్పుకున్న పిల్లకు మాత్రం ముద్ద పెట్టకుండా ఆ పిల్ల చేతిలోనే కాస్త అన్నం ఉంచి వదిలేసింది. ఆ పిల్ల రెండు నిమిషాలు వేళ్లతో కెలికి, తరువాత తానే తినడం మొదలుపెట్టింది. మూల దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో ఒక పసివాడు నిద్రపోతున్నాడు. కింద మెత్తని బొంత పరిచి ఉంది. వంటగది తలుపుకు పైన, పిల్లలకు అందనంత ఎత్తులో గడియ ఉంది. అదే పట్టణంలో చూసిన మరొక కేంద్రానికి రెండు గంటలకే తాళం పడి ఉంది. నాలుగున్నరకు పని ముగిసే తల్లి ఆ రెండున్నర గంటలు బిడ్డను ఎక్కడ ఉంచాలి? మీరు కాగితం మీద అడగవలసిన వాటిలో పనివేళలు ముందుండాలి.

చూడవలసిన మిగతావి కూడా చెబుతాను. గది నేల అంతస్తులో ఉండాలి, తాగే నీటి పాత్రకు మూత ఉండాలి, మరుగుదొడ్డిలో నీళ్లు రావాలి, బిడ్డను తీసుకువెళ్లేవారి పేర్లు ఒక పుస్తకంలో రాసి ఉండాలి. కరెంటు స్విచ్చులు, గ్యాసు సిలిండరు, బావి లేదా సంపు మూత చూడండి. కార్యకర్తను ఒకే ఒక్క ప్రశ్న అడగాలంటే, బిడ్డకు జ్వరం వస్తే ఎవరికి ముందు ఫోను చేస్తారని అడగండి. తడుముకోకుండా జవాబు వస్తే ఆ కేంద్రం మీద నాకు నమ్మకం కుదురుతుంది.

దగ్గరలో ఏదీ లేకపోతే నలుగురు కలిసి దరఖాస్తు పెట్టండి

పేదల బస్తీలలో, కొత్తగా వెలసిన కాలనీలలో అసలు అంగన్‌వాడీయే లేని చోట్లు ఉన్నాయి. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఇచ్చిన ఆదేశం అటువంటివారి చేతిలో మంచి ఆధారం: ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని పల్లె లేదా మురికివాడ ప్రజలు అడిగితే, అడిగిన నాటి నుంచి మూడు నెలలు మించకుండా వారికి అంగన్‌వాడీ కేంద్రాన్ని ఇవ్వాలి. కాబట్టి ఇల్లిల్లూ తిరిగి ఆరేళ్లలోపు పిల్లల జాబితా రాయండి. తల్లి పేరు, బిడ్డ పేరు, పుట్టిన తేదీ, ఇంటి గుర్తు ఉంటే చాలు. ఒక ఆదివారం ఇద్దరు కలిసి తిరిగితే ఒక బస్తీ పూర్తవుతుంది. అంగన్‌వాడీ ఉండి క్రెష్ లేని చోట మూడేళ్లలోపు పిల్లలను, వారిలో తల్లి పనికి వెళ్లే ఇళ్లను విడిగా రాయండి.

దరఖాస్తు పెద్దదిగా ఉండనవసరం లేదు. ఈ కింది మాదిరిని మీ ఊరికి తగినట్టు మార్చుకోండి.

“శిశు అభివృద్ధి పథకం అధికారి గారికి నమస్కారములు. మా కాలనీలో ఆరేళ్లలోపు పిల్లలు ఇంతమంది ఉన్నారు. వారిలో మూడేళ్లలోపు వారు ఇంతమంది. ఇంతమంది పిల్లల తల్లులు ఉదయం ఇన్ని గంటలకు పనికి వెళ్లి సాయంత్రం ఇన్ని గంటలకు తిరిగి వస్తున్నారు. పిల్లలను చూసుకునే పెద్దలు ఇళ్లలో లేనందున, మా అంగన్‌వాడీ కేంద్రానికి పాల్నా పథకం కింద క్రెష్‌ను మంజూరు చేయించవలసిందిగా, కేంద్రం సాయంత్రం ఇన్ని గంటల వరకు నడిచేలా ప్రతిపాదన పంపవలసిందిగా కోరుతున్నాము. పిల్లల జాబితా, తల్లిదండ్రుల సంతకాలు జతపరచాము. మా దరఖాస్తుపై తీసుకున్న చర్యను రాతపూర్వకంగా తెలియజేయగలరు.”

రెండు ప్రతులు తీసుకువెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండవదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ, కార్యాలయం ముద్ర వేయించుకోండి. మా బస్తీవాళ్లం మొదటిసారి ముద్ర వేయించుకోకుండా వచ్చేశాము. నెల తిరిగాక అటువంటి కాగితమే రాలేదని అన్నారు, మళ్లీ సంతకాలతో మొదలుపెట్టవలసి వచ్చింది. అదే దరఖాస్తు ప్రతిని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజల అర్జీల కార్యక్రమంలో కూడా ఇవ్వండి. అక్కడ ఇచ్చే నంబరు తరువాత చాలా పనికివస్తుంది. వార్డు సభ్యుడికో, సర్పంచికో, కార్పొరేటరుకో ఒక ప్రతి ఇచ్చి, కేంద్రానికి గది చూపించగలరేమో అడగండి. మంజూరు వచ్చినా గది దొరకక ఆగిపోవడం మామూలే కనుక, ముందే ఒక సామాజిక భవనమో, పాఠశాలలోని ఖాళీ గదో చూసి దరఖాస్తులోనే రాస్తే ఒక అడ్డంకి తగ్గుతుంది.

మీ సంస్థలో 50 మంది ఉంటే క్రెష్ యాజమాన్యం బాధ్యత

ఇది చాలామంది ఉద్యోగులకు తెలియని విషయం. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులు ఉన్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలన్న నిబంధన 2017 సవరణతో వచ్చి ఆ ఏడాది జులై నుంచి అమలైంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ అది ఉంది. లెక్కించేది మొత్తం ఉద్యోగులను, స్త్రీలను మాత్రమే కాదు. తల్లికి రోజుకు నాలుగుసార్లు, విశ్రాంతి విరామాలతో కలిపి, క్రెష్‌కు వెళ్లి బిడ్డను చూసుకునే అనుమతి ఇవ్వాలి. బిడ్డకు పదిహేను నెలలు నిండేవరకు పాలిచ్చేందుకు రోజుకు రెండు విరామాలు వేరుగా ఉన్నాయి. ప్రతి సంస్థా సొంతంగానే నడపాలని లేదు. కొన్ని సంస్థలు కలిసి ఉమ్మడిగా నడపవచ్చు, ప్రభుత్వం లేదా పురపాలక సంఘం నడిపే క్రెష్‌నూ వాడుకోవచ్చు. చిన్న సంస్థల యజమానులు స్థలం లేదని చెప్పినప్పుడు ఈ మాట వారికి గుర్తుచేయండి.

ప్రసూతి సెలవుకు వెళ్లేముందే, అంటే తిరిగి రావడానికి ఆరేడు నెలల ముందే, మానవ వనరుల విభాగానికి ఈమెయిల్ రాయండి. ఫలానా తేదీన తిరిగి వస్తాను, ఆ నాటికి బిడ్డ వయసు ఇంత, క్రెష్ ఎక్కడ ఉంది, పనివేళలు ఏమిటి అని మాత్రమే అడగండి. ఒక్కరే రాయడానికి జంకు ఉంటుంది, అది సహజం. చిన్న పిల్లలున్న సహోద్యోగులు, తండ్రులతో సహా, కలిసి సంతకం చేస్తే ఎవరి మీదా ఒంటరిగా భారం పడదు. ఈ అడిగే పనిలో తండ్రులు ముందుండాలని నేను గట్టిగా కోరుకుంటాను. కాంట్రాక్టు, తాత్కాలిక సిబ్బందికి కూడా ఈ సౌకర్యం వర్తించాలని 2018లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మార్గదర్శకాలు చెప్పాయి. పని ప్రదేశానికి 500 మీటర్లలోపు ఉండాలని, మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి ఒక శిక్షణ పొందిన కార్యకర్త ఉండాలని కూడా అందులో ఉంది. యాజమాన్యం చూపించిన క్రెష్‌ను కొలవడానికి ఇవి మంచి కొలబద్దలు. జవాబు రాకపోతే ఆ ఈమెయిల్ ప్రతులతో కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వండి.

కూలి పనులకు వెళ్లే తల్లుల సంగతి క్లుప్తంగా చెప్పాలి. 2005లో చేసిన ఉపాధి హామీ చట్టంలో, పని చోటికి చిన్న పిల్లలు ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది వస్తే, వారిని చూసుకోవడానికి ఒక మహిళను నియమించి ఆమెకు కూడా కూలి ఇవ్వాలని రాశారు. తట్ట మోయలేని పెద్ద వయసు మహిళకు ఆ పని ఇస్తే ఆమెకూ, పిల్లలకూ మేలు. పని మొదలయ్యే రోజునే పిల్లల పేర్లతో, ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటును నీడ, నీళ్లు, చూసుకునే మనిషి కావాలని అడగండి.

చేర్చిన తరువాత మొదటి నెల

మొదటి వారం రోజంతా వదలవద్దు. ఒక గంటతో మొదలుపెట్టి, రెండవ రోజు భోజనం వరకు, నాలుగవ రోజు నిద్ర లేచేవరకు పెంచండి. వీలైతే సెలవు చివరి వారాన్ని ఇందుకే దాచుకోండి. ఇంట్లో బిడ్డకు అలవాటైన పాత చీర ముక్కో, దుప్పటో వెంట పంపండి. బిడ్డ ఇంట్లో దేనిని ఏమని పిలుస్తుందో, ఉదాహరణకు నీళ్లను ‘మమ్మ’ అంటుందో ‘బూ’ అంటుందో, కార్యకర్తకు రాసి ఇవ్వండి. ఆ ఒక్క మాట తెలియక దాహంతో ఏడ్చిన బిడ్డను నిద్రపుచ్చాలని ప్రయత్నించడం నేను చూశాను.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని కేంద్రం తెరిచిన, మూసిన సమయం, గుడ్డు ఇచ్చిన రోజులు, నెలవారీ బరువు రాయండి. లోపం కనిపిస్తే ముందు కార్యకర్తతోనే మాట్లాడండి. చాలీచాలని గౌరవ వేతనంతో, సర్వేలు, సమావేశాలు, ఫోనులో నమోదులు మోస్తున్న మనిషి ఆమె. సరుకు రాకపోవడం తరచుగా ఆమె తప్పు కాదు. అక్కడ తేలకపోతే సూపర్‌వైజరు, తరువాత సీడీపీఓ, తరువాత జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారి అన్న క్రమంలో వెళ్లండి. పోషణ్ సహాయ నంబరు 14408. బిడ్డను కొట్టినట్టు, నిర్లక్ష్యంగా వదిలినట్టు అనుమానం ఉంటే మాత్రం ఈ క్రమం పాటించవద్దు, వెంటనే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి.

దరఖాస్తు పెట్టి నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద మరో కాగితం రాయండి. మీ దరఖాస్తు ఇచ్చిన తేదీ రాసి, దానిపై ఏ తేదీన ఏ అధికారి ఏ చర్య తీసుకున్నారో, క్రెష్ ప్రతిపాదన జిల్లాకు పంపారో లేదో, మీ ప్రాజెక్టులో మంజూరైన క్రెష్‌లు ఎన్ని, అవి ఎక్కడ ఉన్నాయో అడగండి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు, జవాబు 30 రోజుల్లో రావాలి. ముద్ర వేయించుకున్న ఆ రెండవ ప్రతి నకలును దీనికి జతచేయండి.